తోరణగల్లులో అమ్మ మాట

హంపీ చూడడానికి బయలుదేరే మన తెలుగువాళ్ళలో చాలామంది బళ్ళారి దాటగానే ఒక కునుకు తీస్తారు. మళ్ళీ హోసపేట వచ్చినప్పుడు లేచి పెట్టెలు సర్దుకుంటారు. ఆ రెండింటికీ నడుమ తోరణగల్లు అని ఒక జంక్షను ఉందనీ, అక్కడినుంచి రంజిత్‌పురా వైపు ఖనిజం మోసే శాఖ ఒకటి చీలిపోతుందనీ గమనించేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఆ స్టేషను దగ్గర నిద్ర పట్టదు. 1969లో నాయనకు అక్కడికి బదిలీ అయినప్పుడు నాకు ఏడేళ్ళు. పెళ్ళయి బెంగుళూరు వచ్చేదాకా ఆ రైల్వే క్వార్టర్సులోనే పెరిగాను.

ఊరి పేరు చెబితే మా గుత్తి బంధువులు నవ్వేవారు. “తోరణాలు కట్టి మరీ కల్లు పోస్తారా మీ ఊళ్ళో?” అని మా మేనమామ ప్రతి వేసవికీ అడిగేవాడు. కన్నడంలో కల్లు అంటే రాయి. పేరులోనే రాయి ఉన్న ఊరు అది. ఆ ఊరి కథ కూడా ఒక రాయి చుట్టూనే తిరిగింది.

మా ఇంట్లో మాటల విషయంలో మహా పట్టింపు. మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. డబ్బాలో బియ్యం అయిపోతే “నిండుకున్నాయి” అనాలి. దీపం ఆరిపోతే “కొండెక్కింది” అనాలి. రాత్రిపూట పాము పేరెత్తకూడదు, “పురుగు” అనాలి. గడప దాటే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అసలు లేదు, కాదు, రాదు అనే మాటలకు మా అవ్వ దగ్గర చోటే లేదు. సందెవేళ అయితే మరీను. తథాస్తు దేవతలు ఆ వేళలో ఇళ్ళమీదుగా పోతూ, విన్న ప్రతి మాటకూ తథాస్తు అంటారట. మంచిమాటా చెడ్డమాటా వాళ్ళు చూడరట. ఇంత తీరిక లేని దేవతలు మరొకరు లేరనుకునేదాన్ని చిన్నప్పుడు.

మా పక్కింటి కన్నడం వాళ్ళదీ ఇదే పద్ధతి. మనం “పోయొస్తాం” అన్నట్టే వాళ్ళు “హోగి బర్తీని” అంటారు. ఒట్టి “పోతాను” అని గడప దాటితే అక్కడా తప్పే. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లాను ఏ ఊళ్ళో ఏ భాష ఎక్కువమంది మాట్లాడతారో లెక్కలు చూసి పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. బళ్ళారి, హోసపేట, సండూరు మైసూరుకు పోయాయి. అపశకునం మాటల లెక్క తీసి ఉంటే సరిహద్దు గీత ఎక్కడ గీయాలో ఎవరికీ తెలిసేది కాదు!

ఇక ఆ రాయి సంగతి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఒక మాట చెప్పారు. దక్షిణాదిలో మూడు ఉక్కు కర్మాగారాలు కడతామని. విశాఖపట్నం, సేలం, హోసపేట. హోసపేట పేరుతో వచ్చినది మా తోరణగల్లుకే. సండూరు కొండల నిండా ఇనుపరాయే కదా. 1971లో ఆవిడ స్వయంగా వచ్చి విజయనగర ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. అంతమంది జనాన్ని నేను అదే చూడడం. ఆవిడ చీర కొంగు కనబడిందో, కనబడిందని అనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజు రాత్రి అన్నం తింటూ నాయన మా అన్నతో అన్న మాట మాత్రం బాగా గుర్తుంది. “రాయి పడిందంటే నీకు ఉద్యోగం వచ్చినట్టే.” అన్నకు అప్పుడు పదహారేళ్ళు. ఆ మాటమీదే ఐటిఐ చదివాడు, ఫిట్టరు పని నేర్చుకున్నాడు. 1975కల్లా చదువు అయిపోయింది. రాయి చుట్టూ గడ్డి పెరిగింది. ఢిల్లీలో ప్రభుత్వాలు మారాయి. నాయన ప్రతి ఉదయం పేపరు చూసి, “వస్తుంది రా, మాట ఇచ్చినారు కదా” అనేవారు. నాలుగేళ్ళు అలాగే గడిచాయి. స్టేషను ముందు టీ కొట్టు దగ్గర అన్నలాంటి కుర్రాళ్ళు పదిపదిహేనుమంది ఉండేవాళ్ళు. ఒకళ్ళు తెలుగు, ఒకళ్ళు కన్నడం, ఒకళ్ళు ఉర్దూ. అందరూ ఆ ఫ్యాక్టరీలో కాబోయే ఉద్యోగులే.

1979లో ఒక సందెవేళ. అమ్మ దీపం పెడుతోంది. అన్న టీ కొట్టునుంచి వచ్చి అన్నం పెట్టమన్నాడు. ఇంట్లో బియ్యం నిజంగానే నిండుకున్న రోజులవి. అమ్మకు ఏమనిపించిందో, ఒక్కసారిగా, “ఆ రాయి ఫ్యాక్టరీ అయ్యేదీ లేదు, ఈ ఊళ్ళో నీకు అన్నం పుట్టేదీ లేదు” అనేసింది. అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “దీపాలు పెట్టేటప్పుడు అవేం మాటలే!” అంది. అన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే బండెక్కి వెళ్ళిపోయాడు. ఎవరికీ పోయొస్తానని చెప్పలేదు.

తిరిగి తిరిగి ఆఖరికి అతను చేరింది విశాఖపట్నం! మొదట కాంట్రాక్టరు దగ్గర కూలి, తరువాత ఉక్కు కర్మాగారంలోనే పర్మనెంటు ఉద్యోగం. అక్కడి సంగతి వేరు. 1966లోనే “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అన్న నినాదం పుట్టింది. అమృతరావుగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథంగారి వంటి పెద్దలు నడిపించారు. పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. అక్కడా 1971 జనవరిలో రాయి వేశాక పని నత్తనడకే నడిచింది. కానీ ఆ నాలుగు ముక్కలు జనం నోట ఆగలేదు. 1992 ఆగస్టులో పి.వి.నరసింహారావుగారు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 2021లో దాన్ని ప్రైవేటుపరం చేస్తామన్న మాట వచ్చినప్పుడు, 1966లో పుట్టనైనా పుట్టని పిల్లలు అదే నినాదంతో వీధుల్లోకి వచ్చారు. మా తోరణగల్లు రాయికి అలాంటి నినాదమేదీ అంటుకోలేదని నా అభిమానం. మా వాళ్ళు అడగలేదని కాదు. మూడు భాషల్లో, టీ కొట్టు దగ్గర, మెల్లగా అడిగారు.

1992లోనే అన్న ఉత్తరం రాశాడు, విశాఖలో ఉక్కు బాగానే పోస్తున్నామని. నాయన అప్పటికి రిటైరై గుత్తిలో ఉన్నారు. ఉత్తరం రెండుసార్లు చదివి, “అక్కడొచ్చింది. ఇక్కడా వస్తుంది” అన్నారు. 1993లో పోయారు. 1994లో తోరణగల్లులో జిందాల్ వాళ్ళ కంపెనీ ఏర్పడింది. ఆ రాయి పడిన 23 ఏళ్ళకు, మరొకరి పేరుమీద.

అమ్మకు ఆనాటినుంచీ ఒకటే బాధ. నాయన మాట నిజం కాకుండా తన మాట అడ్డుపడిందని. కేంద్ర ప్రభుత్వం దగ్గర డబ్బు లేక ఆగిందమ్మా, ప్రణాళికలు మారాయమ్మా అని నేను ఎన్నిసార్లు చెప్పానో! “అంత పెద్దవాళ్ళకు డబ్బెందుకు లేకపోయింది?” అంటుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఫ్యాక్టరీ మాట పోనివ్వండి. అన్న ఆ ఊళ్ళో మళ్ళీ ఒక్క ముద్ద తినలేదన్నది మాత్రం నిజమే కదా. గుత్తికి వచ్చేవాడు, బెంగుళూరు మా ఇంటికి వచ్చేవాడు. తోరణగల్లులో మాత్రం దిగలేదు. దిగవలసిన పనీ లేదనుకోండి, మేమంతా వదిలేసిన ఊరు. అమ్మ లెక్కలో ఆ మాట ఒప్పుకోదు.

పోయిన కార్తీకమాసంలో ఆ పని పడింది. అన్న కొడుక్కి తోరణగల్లు కర్మాగారంలోనే ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. విద్యానగర్ టౌన్‌షిప్పులో ఇల్లిచ్చారు. పాలు పొంగించడానికి రమ్మన్నాడు. 87 ఏళ్ళ అమ్మ, “నేను రానంటే వాడు ఎట్ల తింటాడో చూడాల” అని బయలుదేరింది. ఎవరు తినడం గురించో నాకు తెలుసు.

బండి దిగితే ఊరు గుర్తుపట్టలేకపోయాను. మా క్వార్టర్ల వెనక చింతచెట్టు నుంచి చూస్తే సండూరు కొండలు తప్ప ఇంకేమీ అడ్డుండేది కాదు. ఇప్పుడు చిమ్నీలు, కొలుములు, ఆకాశంలో నడిచే కన్వేయరు బెల్టులు. ఏటా కోటి టన్నులకు పైగా ఉక్కు తయారవుతుంది. రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉంటుంది. ఎర్రదుమ్ము మాత్రం మా చిన్నప్పటిదే, ఇంకా ఎక్కువైంది. చెట్ల ఆకులు, మేకల వీపులు, టీ గ్లాసుల అంచులు అన్నీ అదే రంగు. ఫ్యాక్టరీకని పొలాలు ఇచ్చినవాళ్ళ మనవలు కొందరు లోపల పని చేస్తున్నారు, కొందరు గేటు బయట ఇడ్లీ బండ్లు పెట్టుకున్నారు. మా టీ కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. అక్కడి కుర్రాళ్ళు హిందీ, ఒడియా కూడా మాట్లాడుతున్నారు.

దారిలో దరోజి మీదుగా పోతూ బుర్రకథ ఈరమ్మగారిని తలుచుకున్నాం. చదువురాని మనిషి. పన్నెండు పెద్ద కథలు నోటికి వచ్చేవి. ఇంట్లో తెలుగు, కథ కన్నడం. నాదోజ గౌరవం అందుకుని 2014లో కన్నుమూశారు. అమ్మ ఆవిడ కథ ఒకసారి స్టేషను దగ్గరే విందట. “ఆయమ్మ నోట్లోంచి ఒక్క మాట వృథా పోలేదు” అంది. అని ఊరుకుంది.

పాలు పొంగాయి. భోజనాలు వడ్డించారు. అమ్మ కూర్చోలేదు. గోడ పట్టుకుని నిలబడి, కోడలి చేతిలోంచి గిన్నె తీసుకుని తనే అన్న ఆకులో అన్నం పెట్టింది. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి మొదటి ముద్ద కలుపుతుంటే, “నేను ఆ పొద్దు అన్న మాట మనసులో పెట్టుకోవద్దురా” అంది. మా అందరికీ గొంతులో ముద్ద ఆగిపోయింది.

అన్న తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో అతని భాష పూర్తిగా విశాఖపట్నంది అయిపోయింది. “ఏటన్నావు?” అన్నాడు. అమ్మ చెప్పింది, ఒక్క అక్షరం పోకుండా. అన్న ఆలోచించాడు. “నువ్వలా అన్నావా? నాకు గుర్తే లేదే” అన్నాడు. అబద్ధమాడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు. నిజంగానే గుర్తు లేదు.

“మరి ఎందుకు పోయినావు?” అని అమ్మ అడిగింది.

అన్న చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. “నాయన రోజూ వస్తుంది, వస్తుంది అనేవారు కదా” అన్నాడు. “ఒక్కరోజైనా రాదంటారేమోనని చూశాను. అనలేదు. ఆయన ముఖం చూడలేక వెళిపోయాను.”

ఎవరూ మాట్లాడలేదు. నలభై అయిదేళ్ళు మోసిన మాట ఆ మనిషిని అసలు తాకనే లేదని తెలిసి అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. కాసేపు చిన్నబుచ్చుకున్నట్టే కనబడింది. మనం అన్న ప్రతి చెడ్డమాటా లెక్క రాసుకుంటాం, మంచిమాట ఎవరి గుండెమీద ఎంత బరువైందో ఎవరం చూస్తాం? నాయన మాటే మా ఇంటిని నిలబెట్టిందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పటికీ అది అబద్ధమని అనలేను. ఆ మాటే లేకపోతే అన్న ఫిట్టరు పని నేర్చుకునేవాడే కాదు, విశాఖ వాళ్ళు తీసుకునేవాళ్ళే కాదు.

అమ్మ ఇంకో గరిటెడు అన్నం వేసింది. “చాలమ్మా” అన్నాడు అన్న. “చాలనకు. సరే అను” అంది.

సాయంత్రం బండికి బయలుదేరుతుంటే కార్తీకం కదా అని కోడలు గుమ్మం దగ్గర దీపం పెట్టింది. వెనక ఆకాశం కొలిమి వెలుగుతో ఎర్రబారుతోంది. అమ్మ కారు ఎక్కబోయి ఆగి, గట్టిగా, వీధి చివరిదాకా వినబడేలా, “పోయొస్తాం” అంది.