గార పళ్ల వరుసలో బ్రిడ్జి

ఊడిన పన్ను చోట, దానికి అటూ ఇటూ ఉన్న పళ్లను ఆధారం చేసుకుని కదలకుండా అమర్చే కృత్రిమ పళ్ల వరుసను డెంటల్ బ్రిడ్జి అంటారు. పక్క పళ్లను చుట్టూ అరగదీసి, వాటికి క్యాపులు తొడిగి, ఆ క్యాపుల మధ్య లేని పన్నును వేలాడదీస్తారు. మొత్తం ఒకే ముక్కగా తయారై, సిమెంటుతో అతికి నోట్లోనే ఉండిపోతుంది. రాత్రి తీసి గ్లాసులో వేసే కట్టుడు పళ్లకూ దీనికీ తేడా అదే.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాల్లో చాలామంది ఈ పనిని ఊరికి వచ్చినప్పుడే పెట్టుకుంటారు. కారణం అక్కడి బీమా. పళ్ల బీమా వైద్య బీమాలో కలవదు, విడిగా కొనుక్కోవాలి. కొన్నా, ఏడాదికి వెయ్యి నుంచి రెండు వేల డాలర్లు దాటి ఇవ్వని పాలసీలే ఎక్కువ. మూడు పళ్ల బ్రిడ్జి ఒక్కటే ఆ హద్దు దాటిపోతుంది. వృద్ధుల కోసం 1965లో వచ్చిన మెడికేర్ కూడా మామూలు పళ్ల వైద్యాన్ని మొదటి నుంచీ బయటే ఉంచింది. గుండెకు లక్షల డాలర్ల ఆపరేషన్ చేయించే దేశం, అన్నం నమిలే పన్నును ఒంట్లో భాగంగా లెక్కించకపోవడం అన్యాయం.

అయితే ఊళ్లో వేయించుకున్న బ్రిడ్జి చెడిపోయిందంటే, ఆ తప్పు చాలాసార్లు తొందరదే. పన్ను పీకిన చోట ఎముక కుంగుతుంది, చిగురు కిందికి జారుతుంది. ఆ కుంగుబాటు తొలి మూడు నెలల్లోనే ఎక్కువ. సెలవు మూడు వారాలే కాబట్టి పన్ను పీకిన వారానికే కొలతలు ఇచ్చి, విమానం ఎక్కేలోపు శాశ్వత బ్రిడ్జి అతికించుకుంటే, కొన్ని నెలల్లో దాని కింద ఖాళీ ఏర్పడుతుంది. మెతుకులు అక్కడే ఇరుక్కుంటాయి. అప్పుడు ‘ఇండియాలో చేయించాను, అందుకే ఇలా’ అనే మాట పుడుతుంది. అది ఇక్కడి వైద్యులపై వేయకూడని నింద. న్యూజెర్సీలో చేసినా, సూర్యాపేటలో చేసినా మానని చిగురు మానని చిగురే. ఒక సెలవులో పన్ను తీయించి తాత్కాలిక పన్నుతో వెళ్లి, మరుసటి సెలవులో బ్రిడ్జి వేయించుకోవడమే సరైన వరుస.

ఈ ప్రాంతపు పళ్లకు మరో లెక్క ఉంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా గ్రానైట్ రాతి పొరల్లోని బోరు నీటిలో ఫ్లోరైడ్ చాలాచోట్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో రూపొందించినప్పుడు దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పెట్టారు. తర్వాత తాగునీటి పథకం మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు ఊళ్లకు చేరింది. కానీ శాశ్వత దంతాల ఎనామెల్ చిగురు లోపల ఎనిమిదేళ్ల వయసులోపే దాదాపు తయారైపోతుంది. ఆ వయసులో బోరు నీళ్లు తాగినవారు తర్వాత ఏ దేశం వెళ్లినా ఫ్లోరైడ్ మరక పట్టిన గార పళ్లతోనే వెళ్తారు. అమెరికాలోనూ ఈ మరక కొత్తది కాదు. దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే 1901 నుంచి కొలరాడో స్ప్రింగ్స్‌లో గోధుమ రంగు పళ్లను చూస్తూ వచ్చాడు, కారణం ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. దాన్ని కొద్దిగా కలిపితే పళ్లు పుచ్చడం తగ్గుతుందని 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరపు నీటిలో కలపడం మొదలుపెట్టారు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో మనుషుల ఎముకలనే వంచేసిన పదార్థాన్ని కొలిచి కలుపుకునే దేశంలో స్థిరపడటం నల్లగొండ మనిషికి తేలికైన అనుభవం కాదు.

బ్రిడ్జికి ఈ మరకతో రెండు చిక్కులు. ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్ పైపొర, అతికించేముందు పూసే ఆమ్లానికి సులువుగా లొంగదు కాబట్టి జిగురు సరిగా పట్టదు. అందువల్ల పక్క పళ్లను పెద్దగా అరగదీయకుండా వెనక నుంచి రెక్కలతో అతికించే మేరీల్యాండ్ బ్రిడ్జి ఇలాంటి నోట్లో ఊడే ప్రమాదం ఎక్కువ. రెండోది రంగు. దంతవైద్యులు వాడే వీటా క్లాసికల్ షేడ్ గైడ్‌లో పదహారు రంగులున్నాయి. సుద్ద మచ్చల మీద గోధుమ చారలున్న పన్ను వాటిలో ఒక్కటీ కాదు. గార పళ్ల నడుమ తెల్లటి పన్ను పెడితే అది పరాయిదని నవ్వగానే తెలిసిపోతుంది. పింగాణీ కాల్చేముందు చారలు, మచ్చలు చిత్రించి పక్క పళ్లతో కలిపేయవచ్చు. ఆ పళ్లను రోజూ చూసే వైద్యుడికి ఈ పని చెప్పనక్కరలేదు. నార్కట్‌పల్లిలోని డెంటల్ కళాశాలకు వచ్చే రోగుల్లోనూ ఈ మరక కొత్త కాదు. దేశం కాని దేశంలో ఈ పళ్లను మురికి అనుకునేవారూ ఉంటారు.

ఆధారపు పళ్ల బలమే బ్రిడ్జి బలం. ముగ్గురు హమాలీల బస్తాను ఇద్దరు మోసినట్టు, రెండు పళ్ల వేళ్లు మూడు పళ్ల బరువు మోయాలి. అందుకే ఆధారపు పళ్ల వేళ్ల వైశాల్యం, ఊడిన పళ్ల వేళ్ల వైశాల్యానికి తగ్గకూడదని 1926లో ఆంటే అనే దంతవైద్యుడు సూత్రం పెట్టాడు. చిగుళ్ల జబ్బు, అదుపులేని షుగర్, గుట్కా ఉన్న నోట్లో ముందు వాటి సంగతి చూడాలి. పక్క పళ్లు మచ్చలేకుండా గట్టిగా ఉంటే, వాటిని అరగదీయడం కన్నా ఎముకలో నాటే ఇంప్లాంటే మేలు. అది ఎముకలో కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ పళ్లకు అప్పటికే క్యాపులో పెద్ద ఫిల్లింగులో ఉంటే బ్రిడ్జే మంచిది.

బాగా చేసిన బ్రిడ్జి పది, పదిహేనేళ్లు నిలుస్తుంది. సకినాలు, బొమికలు ఆ వైపు కొరకకూడదు. మామూలు బ్రష్ వేలాడే పన్ను కిందికి పోదు కాబట్టి సూపర్ ఫ్లాస్ గానీ, సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్ గానీ రోజూ దూర్చాలి. క్యాపు కింద సిమెంటు కరిగితే, రూట్ కెనాల్ అయిన పన్ను నొప్పి తెలియకుండానే పుచ్చుతుంది, ఎక్స్‌రేలోనే బయటపడుతుంది. వేరే దేశానికి తిరిగి వెళ్లేవారు ముందువీ తర్వాతవీ ఎక్స్‌రేలు, క్యాపు ఏ పదార్థంతో చేశారో, ఏ సిమెంటు వాడారో రాసిన కాగితం వెంట తీసుకెళ్తే, అక్కడి వైద్యుడు బ్రిడ్జి మొత్తం కోసి తీయకుండానే తప్పు ఎక్కడుందో వెతకగలడు.