తెల్ల సిరా లేని యంత్రం

జమ్మికుంట పత్తి మార్కెట్‌కు వచ్చిన రైతులు పనిలో పనిగా పాస్‌పోర్టు ఫోటో దిగి పోతుంటారు. స్టూడియోలో ఇంక్‌జెట్ ప్రింటర్ తల అటూ ఇటూ తిరుగుతుంటే, ఒక ముసలాయన ముఖం గీతగీతగా కాగితం మీదికి దిగుతుంది. "జర ఆరనియ్యి కాకా, చెయ్యి పెట్టకు" అంటాడు షాపు పిలగాడు.

ఆ ప్రింటర్ తలలో వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలు వందల కొద్దీ. కొన్ని ప్రింటర్లలో క్షణంలో వేడెక్కిన సిరాలో బుడగ పుట్టి చుక్కను బయటికి నెడుతుంది. కొన్నింటిలో కరెంటుకు వంగే స్ఫటికం ఆ పని చేస్తుంది. 1977లో కానన్ కంపెనీ పరిశోధనశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున సిరా సిరంజి సూదికి తగిలి చుక్క చిమ్మిందట. బుడగ ఆలోచన అక్కడ మొదలైంది.

ఎండకు కమిలిన ఆ ముసలాయన చెంపల రంగు ఏ సిరా సీసాలోనూ లేదు. ఆకాశనీలం, ముదురు గులాబీ, పసుపు, నలుపు చుక్కలు పక్కపక్కన నిలబడితే మన కన్నే వాటిని కలుపుకుంటుంది. మామూలు ప్రింటర్‌కు తెల్ల సిరా ఉండదు. ఆయన తలపాగాలో, నెరిసిన మీసంలో మెరిసేది చాలావరకు కాగితం తెలుపే, యంత్రం తాకకుండా వదిలిన చోటే.

ఒక మనిషిని చూపడానికి సిరా ఎంత అవసరమో, ఖాళీ కూడా అంతే అవసరమన్నమాట. ఎరిగినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు నేనూ కొంత చోటు వదలడం నేర్చుకోవాలనిపిస్తుంది.