నాది వేషం కాదు

సింగారం మీద నాకు రెండు నిషేధాలు. ఒకటి నేను పుట్టకముందే పడ్డది. రెండోది, పుట్టింది మొగపిల్లగాడని మంత్రసాని చెప్పిన రోజు పడ్డది. ఈ రెంటిని విడదీసి రాయమంటే నాతోని కాదు. కొట్టినోళ్ళు విడదీసి కొట్టలేదు కాబట్టి.

మాది కరీంనగర్ జిల్లాల ఒక మాదిగవాడ. మా ముత్తవ్వ కాలంల గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు ఇడిసి చేతుల వట్టుకోవాలె. ఆ చెప్పులకు తోలు ఊనింది మా ఇంటోళ్ళే, కుట్టింది మా ఇంటోళ్ళే. తొడుక్కొని నడిచే హక్కు మాత్రం మాది కాదు. ఆడది కొత్తకోక కట్టినా, తలల పువ్వు వెట్టినా "ఎవని కోసమే ఈ సోకు" అని అడిగేటోళ్ళు. మా ఒంటి మీద ఏముండాలో, ఏముండొద్దో ఊరే తేల్చేది.

1927 డిసెంబరులో మహద్ సభకు వచ్చిన ఆడవాళ్ళతో బాబాసాహెబ్ అంబేద్కర్ బట్టల గురించి, నగల గురించి మాట్లాడిండు. చీరకట్టు మార్చుకోండి, మిమ్మల్ని అంటరానివాళ్ళుగా పట్టిచ్చే ఆ కడియాలు, దండలు తీసేయండి అన్నడు. అంత పెద్ద పోరాటం నడుస్తుంటే నగల ముచ్చటెందుకని ఆయన అనుకోలేదు. ఒంటి మీద ఉన్నది కూడా రాజకీయమేనని ఆయనకు తెలుసు. నేను ఈ సంగతి చదివింది పెద్దయినంకనే గాని, నా ఒంటికి చిన్నప్పుడే తెలుసు.

మా అవ్వ బీడీలు చేసేది. రాత్రిపూట ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లిచ్చి కాటుక పట్టేది. చెల్లెకు పెట్టినంక ఏలికి మిగిలిన కాటుకను నేను అడిగి పెట్టిచ్చుకునేటోన్ని. అప్పుడు నాకు ఐదారేండ్లు. "మొగపోరనికెందుకురా" అనుకుంటనే దిష్టి తగలదని పెట్టేది. చెల్లె మట్టిగాజులు పగిలితే ముక్కలు దాసుకునేటోన్ని. బీడీల బుట్ట పక్కన చేతెడంత అద్దం ఉండేది, ఒక మూలకు పగిలింది. దాంట్ల ముఖమంత ఒక్కసారే కనబడేది కాదు. ఓసారి కన్ను, ఓసారి పెదిమె. అట్ల తునకలు తునకలుగ నన్ను నేను చూసుకున్న.

ఏడాదికోసారి చిందోళ్ళు మా వాడకు వచ్చేటోళ్ళు. మా కులాన్ని ఆశ్రయించి బతికే కళాకారులు వాళ్ళు. జాంబపురాణం చెప్పేటోళ్ళు, ఎల్లమ్మ కథ ఆడేటోళ్ళు. పొద్దుమూకంగనే వాళ్ళు ముఖాలకు అర్దళం పూసుకుంటుంటే నేను కదలకుంట కూసోని చూసేటోన్ని. పసుపుపచ్చటి ముఖం, దాని మీద ఎర్రటి బొట్టు, కాటుకతోని సాగదీసిన కండ్లు, పొనికి కర్రతోని చేసిన భుజకీర్తులు. చిందుల మొగోళ్ళు ఆడవేషం కట్టేది, ఆడోళ్ళు మొగవేషం కట్టేది. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మొగపాత్రలు కూడా కట్టి పేరు తెచ్చుకున్నది. తెల్లారి చెరువు కాడ ఆడవేషం కట్టినాయన రంగు కడుక్కొని బీడీ ముట్టిచ్చుకునేటోడు. ఎవ్వలూ ఏమనకపోయేది. నాకు ఆశ్చర్యంగ ఉండేది. ఆయనకు కడుక్కోబుద్ధి ఎట్ల అయితున్నది అని.

ఏడో తరగతిల ఒకనాడు కండ్లకు సన్నగ కాటుక గీసుకొని బడికి పోయిన. సారు నన్ను ముందుకు పిలిచి జేబురుమాలుతోని కాదు, చాక్‌పీసు తుడిచే డస్టరుతోని నా కండ్లు తుడిచిండు. "మాదిగోనివి, పైకెల్లి ఆడంగోనివి, నీకు సదువెందుకురా" అన్నడు. తరగతంత నవ్వింది. అండ్ల మా వాడ పిలగాండ్లు కూడ ఉన్నరు. కులం పేరు తీసినప్పుడు వాళ్ళు తల వంచుకున్నరు. రెండో మాటకు మాత్రం అందరితోపాటు నవ్విన్రు. ఆ తేడాను నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇంటికాడ బాపు కొట్టలేదు. కొడితే బాగుండనిపించింది. గడంచల కూసోని ఒక్కటే మాటన్నడు. "ఒక్క పేరుతోనే సస్తున్నం కొడుకా. ఇంకో పేరెందుకు?" అది కోపం కాదు, భయం. ఊరు మమ్ముల మీదికి ఇంకో రాయి ఏస్తదని ఆయన భయం.

నేను మిమ్మల్ని ఒకటడుగుత. స్థానం నరసింహారావు గారు స్త్రీపాత్రలేసి పేరు గడించిండు. 1956ల పద్మశ్రీ వచ్చింది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ జడ వేసుకొని దేశమంతా తిరిగిండు. 1970ల పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిల బ్రాహ్మణ మొగవాళ్ళు తరతరాలుగ ఆడవేషం కట్టిన్రు, మీరు చప్పట్లు కొట్టిన్రు. వాళ్ళ విద్యను నేను తక్కువ చేస్తలేను. కాని ఆ జడ కిందికి దించగానే వాళ్ళు మళ్ళ మొగవాళ్ళయి, పెద్దింటోళ్ళయి ఇంటికి పోతరన్న నమ్మకం మీకుండె. అందుకే అది కళ అయింది. నేను దించను. మీ కష్టమంత నేను దించనందుకే.

ఇంటర్ తప్పించుకొని హైదరాబాద్ వచ్చిన. గురువు ఇంట్ల చేరిన. "ఇక్కడ కులం లేదు బిడ్డా" అన్నది గురువు. మూడో నాడు వంటకాడ ఒకామె మెల్లగ అడిగింది, "మీరేమిట్లోళ్ళు?" అని. అయినా అక్కడనే నాకు నా ముఖం చూసుకునే తీరిక దొరికింది. చిమ్టాతోని గడ్డం ఎంట్రుకలు ఒక్కొక్కటి పీక్కునుడు నేర్చుకున్న. కండ్లల్ల నీళ్ళు కారేటియి. గీసుకుంటే చర్మం కింద నీలిరంగు నీడ మిగుల్తది. దాని మీద ముందు ఎర్రటి లిప్‌స్టిక్ పలసగ రుద్ది, ఆ మీద ఫౌండేషన్ పూస్తే నీడ పోతదని అక్కలు చెప్పిన్రు. కాని నా రంగుకు సరిపోయే డబ్బా దుకాణంల దొరకకపోయేది. అన్నీ తెల్లోళ్ళ కోసం చేసినయే. పూస్తే బూడిద గుమ్మడికాయ లెక్క అయ్యేది ముఖం. రెండు డబ్బాలు కొని, ముదురుది లేతది అరచేతుల కలుపుకొని, నా నలుపును నేనే తయారు చేసుకున్న. సవరం పెట్టి జడేసుకొని, లాడ్‌బజార్‌ల లక్కగాజులు తొడుక్కొని మొదటిసారి చార్మినార్ కాడ నడిచిన్నాడు నా చేతులు చప్పుడు చేసినయి. అంతకుముందు ఎప్పుడూ నా రాకకు చప్పుడు లేకుండె.

అట్ల నడిచినప్పుడు నాకు తెలియనిదొకటుంది. నిజాం కాలంల, 1329 ఫసలీల, అంటే 1919ల, ఒక చట్టం చేసిన్రు. రిజిస్టర్ల పేరెక్కిన హిజ్రా ఆడబట్టలతోని, నగలతోని వీధిల కనబడితే వారెంట్ లేకుంట పట్టుకపోవచ్చు, రెండేండ్ల దాక జైల్లెయ్యొచ్చు. నిజాం పోయినంక కూడా అది పుస్తకంల ఉండనే ఉన్నది. 2023 జులైల తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాక ఉన్నది. వందేండ్లకు మీద. గాజులు నేరమైన నగరంల నేను గాజులేసుకొని తిరిగిన్నన్నమాట.

ఇగ మావాళ్ళ సంగతి. దళిత సభల్లకు పోతే అన్నలు గౌరవంగనే మాట్లాడుతరు. కాని ఒకాయన అడిగిండు, "బాబాసాహెబ్ నగలు తీసేయమంటే నువ్వు తొడుక్కుంటున్నవేందమ్మా? ఆడతనమంటే బొట్టు, కాటుకేనా?" మంచి ప్రశ్ననే. జవాబు చెప్పిన. ఎవరో తొడిగిన గుర్తును తీసేయమన్నడు బాబాసాహెబ్. నాకు తొడిగింది ప్యాంటు, కత్తిరిచ్చిన క్రాపు, కొడుకన్న పేరు. నేను తీసేసింది వాటినే. రెండో సంగతి, జ్వరమొచ్చి రంగు లేకుంట పండుకున్ననాడు కూడ నేను ఆడదాన్నే. రంగు నా కోసం కాదు, ముందుగాల మీ కోసం. అది లేకుంటే మీరు నన్ను "ఏందిరా" అంటరు. మీ ఇంటి ఆడోళ్ళు బొట్టు లేకుంట బయటికి రావచ్చు, ఎవ్వలూ వాళ్ళను సాక్ష్యం అడగరు. నన్ను రోజూ అడుగుతరు. ఆ సాక్ష్యం నా ముఖం మీద రాసుకుంట. రాసుకుంట రాసుకుంట దాన్ని నేను ప్రేమించిన.

2014 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు నల్సా కేసుల చెప్పింది. బట్టలతోని, మాటతోని, నడతతోని తన జెండర్‌ను చెప్పుకునుడు రాజ్యాంగంల 19(1)(ఎ) ఇచ్చిన హక్కు అని. బాబాసాహెబ్ ముసాయిదా రాసిన రాజ్యాంగం నా కాటుక కాడికి వచ్చింది. కాని అదే తీర్పు మమ్ముల సామాజికంగ, విద్యాపరంగ వెనుకబడిన వర్గంగ చూడమన్నది. మరి నా ఎస్సీ ఎటు పోవాలె? ఒక ఆఫీసుల కాగితాలు పట్టుకపోతే గుమస్త రెండూ కుదరవు, ఒకటి చెప్పుమన్నడు. ఫొటోల బొట్టెందుకన్నడు. ఒక చేత్తోని గాజు, ఒక చేత్తోని కులం తీసి బల్ల మీద పెట్టుమన్నట్టున్నది. అందుకే మేము అడిగేది, ప్రతి కులం కోటల మాకు వాటా. ఎస్సీల పుట్టిన ట్రాన్స్ మనిషికి ఎస్సీలనే. నన్ను సగం కోసి లెక్కపెట్టొద్దు.

బాపు పోయిండు. అవ్వ ఉన్నది, చూపు తగ్గింది. పోయిన ఏడు బతుకమ్మకు వెండి పట్టగొలుసులు తీసుకపోయిన. కాళ్ళకు పెడుతుంటే నా చేతులు తడిమి చూసింది, గాజులున్నయని. "నీకు బిగుతైతున్నయేమో బిడ్డా, ఒక సైజు పెద్దయి తెచ్చుకో" అన్నది. మా దిక్కు బిడ్డ అంటే కూతురని కూడా అర్థం. అవ్వ ఏ అర్థంతో అన్నదో అడగలేదు. గాజుల సైజు గురించి మాత్రం ఇద్దరం శానసేపు మాట్లాడుకున్నం.