దేవదూతలకు వాటా పెట్టే ఊరు

గోడలన్నీ మసిబారినట్టు నల్లగా ఉంటాయి. గాలి పీలిస్తే ముగ్గిన పండు వాసనో, తడిసిన చెక్క వాసనో తెలియని ఓ తియ్యటి ఘాటు! అక్కడ తయారయ్యే సరుకులో నూటికి 97 పాళ్లు పరదేశాలకే పోతుంది. పైగా, ఇవాళ పీపాలో పోసినవాడు రేపు దాన్ని రుచి చూస్తాడన్న నమ్మకం లేదు. అయినా మూడొందల ఏళ్లకు పైగా ఆ ఊరిది అదే పని. ఫ్రాన్స్‌లోని కొన్యాక్ కథ ఇది...

'కొన్యాక్ వెళ్తున్నా' అని చెబితే 'అక్కడేముంటుంది?' అంది అమ్మ.

'బ్రాందీ.'

ఫోన్‌లో కాసేపు మాటల్లేవు. 'జాగ్రత్త' అని పెట్టేసింది.

ఆవిడ తప్పేం లేదు. ఆ మాటే మా పెద్దమావయ్యని మింగేసింది. మన ఊళ్లలో బ్రాందీ అంటే ఇనప జాలీ వెనక దుకాణం, దాని ముందు తోపులాట, ఇంటి దగ్గర ఎదురుచూపులు. అంతే! నిజానికి ఆ పేరు మనకు చాలా దూరం నుంచి వచ్చింది. 'కాల్చిన వైన్' అని అర్థమొచ్చే 'బ్రాండెవైన్' అన్న డచ్చి మాటే బ్రిటిష్‌వాళ్ల నోట్లో బ్రాందీ అయింది. మన దగ్గర ఆ పేరుతో అమ్మే చౌక సరుకులో చాలావరకూ చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే. ద్రాక్షకీ దానికీ చుట్టరికం తక్కువ. మరి అసలుది ఎలా ఉంటుంది? దాన్ని చేసేవాళ్లు ఎలా ఉంటారు? అది చూద్దామనే ఈ ప్రయాణం.

పారిస్ నుంచి వేగంగా వెళ్లే రైల్లో రెండు గంటలు ప్రయాణిస్తే అంగులేమ్ వస్తుంది. అక్కణ్నుంచి చిన్న రైల్లో మరో ముప్పావుగంట. కిటికీలోంచి చూస్తే ఓ పక్క షరాంత్ నది, రెండో పక్క కనుచూపు మేరా ద్రాక్షతోటలు. నవంబరు కావడంతో ఆకులన్నీ పసుపుముద్దల్లా ఉన్నాయి. స్టేషన్ చిన్నది. ఊరూ చిన్నదే, ఇరవై వేలలోపు జనాభా. ఇంగ్లిషు స్పెల్లింగు చూసి 'కోగ్నాక్' అన్నానేమో, టాక్సీ డ్రైవరు నవ్వి 'కొన్యాక్' అని దిద్దాడు.

ఇంత చిన్న ఊరికి పెద్ద చరిత్రే ఉంది. ఫ్రాన్స్‌ని ఏలిన మొదటి ఫ్రాన్స్వా పుట్టింది ఇక్కడి కోటలోనే, 1494లో. ఆ కోట నేలమాళిగల్లో 18వ శతాబ్దం చివర్నుంచీ బ్రాందీ పీపాలు నిద్రపోతున్నాయి. ఐరోపా దేశాలను ఒక్కతాటి మీదికి తేవడానికి పునాది వేసిన జాన్ మొనే ఈ ఊరి బ్రాందీ వ్యాపారి కొడుకు. యువకుడిగా దేశదేశాలు తిరిగి ఈ సరుకే అమ్మాడు.

గోడలకు నలుపెందుకు?

ఊళ్లోకి అడుగుపెట్టగానే కళ్లు పడేది ఆ నల్లటి గోడల మీదే. అగ్నిప్రమాదం జరిగిందేమో అనుకున్నాను. కాదట. అది ఓ రకం బూజు. దాని తిండి... గాల్లో కలిసిన ఆల్కహాల్! 1872లో బోద్వాన్ అనే ఫార్మసిస్టు దీన్ని గమనించి రాశాడు. దాని శాస్త్రీయ నామంలో ఆయన పేరే ఉంది.

పీపాల్లో ఉన్న బ్రాందీ ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. చెక్కకి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. గాలి లోపలికి వెళ్తేనే సరుకు పండుతుంది. గాలి వెళ్లే దారిలోనే ఆవిరీ బయటికి పోతుంది. ఆపితే పీపా పని చెయ్యదు. అందుకే ఆ నష్టానికి ఇక్కడివాళ్లు ఓ ముద్దుపేరు పెట్టుకున్నారు... 'దేవదూతల వాటా'. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ముందుగా దేవుడి పేరు మీద కొంత తీసి పక్కన పెడతాం కదా, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ దేవదూతలు అడగరు, వాళ్లే తీసేసుకుంటారు. యాభై ఏళ్లు ఉంచితే సగానికి పైగా వాళ్లకే!

పుల్లగా ఉంటేనే విలువ

తియ్యటి ద్రాక్షతోనే మంచి బ్రాందీ వస్తుందనుకుంటాం. తలకిందులు! ఇక్కడి తోటల్లో దాదాపు అంతా 'ఉన్యీ బ్లాన్' అనే తెల్లద్రాక్షే. పులుపు ఎక్కువ, తీపి తక్కువ. దాంతో చేసిన వైన్‌లో ఆల్కహాల్ తొమ్మిది శాతం చుట్టుపక్కలే. తాగడానికి ఏమంత బాగోదు. కానీ ఆ పులుపే వైన్ పాడవకుండా కాపాడుతుంది. తక్కువ ఆల్కహాల్ ఉండటం వల్ల ఎక్కువ వైన్ మరిగించాలి, దాంతో పండులోని పరిమళమంతా చిక్కబడుతుంది. ఒక లీటరు బ్రాందీకి సుమారు తొమ్మిది లీటర్ల వైన్ కావాలి.

ఊరికి దక్షిణాన ఓ రైతు ఇంట్లో రాగి బట్టీ చూశాను. ఉల్లిపాయ ఆకారంలో మూత, దాని మీద హంస మెడలా వంగిన గొట్టం. కింద మంట. రెండుసార్లు మరిగిస్తారు. రెండోసారి మొదట వచ్చేదీ, చివర వచ్చేదీ వేరు చేసి, మధ్యలో వచ్చేది మాత్రమే తీసుకుంటారు. దాని పేరు 'గుండె'. ఎప్పుడు ఆపాలో చెప్పడానికి యంత్రాలున్నా, చివరి మాట ముక్కుదే. సెప్టెంబరులో కోత మొదలైతే, మార్చి 31లోపు బట్టీ ఆపేయాలన్నది చట్టం. అందుకే చలికాలమంతా రాత్రీ పగలూ పొయ్యి ఆరదు. అనకాపల్లి వైపు బెల్లం వండే రోజుల్లో పెనం దగ్గర కన్ను మూయకుండా కాచుకున్నట్టే, పాతరోజుల్లో వీళ్లూ బట్టీ పక్కనే మంచం వేసుకునేవారు.

అంత కష్టపడి తీస్తే వచ్చేది ఏమిటి? నీళ్లలా తెల్లగా, 70 శాతం పైగా ఘాటుతో మంటపుట్టించే ద్రవం. కొన్యాక్ అయ్యేది ఆ తర్వాతే.

చెట్టు తాతది... పీపా మనవడిది

ఆ పని ఓక్ చెక్కది. లిముజాన్, త్రోన్సే అడవుల ఓక్ చెట్లే కావాలి. నూటయాభై ఏళ్లు దాటిన చెట్లను కొడతారు. త్రోన్సే అడవిని 17వ శతాబ్దంలో పధ్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ తీర్చిదిద్దించింది యుద్ధనౌకల కోసం. ఓడలకు చెక్క అక్కర్లేని కాలం వచ్చింది గానీ చెట్లు మిగిలాయి. ఆ చెక్కను చీల్చి, రెండుమూడేళ్లు వానకీ ఎండకీ వదిలేస్తారు. చేదు దిగిపోయాక మంట మీద వంచి, మేకూ బంకా లేకుండా పీపా బిగిస్తారు. బంగారు రంగూ, వెనిలా వాసనా అన్నీ ఆ చెక్క ఇచ్చినవే. రంగు ఒకేలా ఉండటానికి కాస్త కారమెల్ కలుపుకోవడానికీ చట్టం ఒప్పుకుంటుందనుకోండి!

సీసా మీది అక్షరాల గుట్టూ వయసే. వి.ఎస్. అంటే అందులో కలిపిన వాటిల్లో అన్నిటికన్నా లేతదానికి కనీసం రెండేళ్లు. వి.ఎస్.ఓ.పి. అయితే నాలుగు. ఎక్స్.ఓ.కి 2018 నుంచి పదేళ్లు. ఫ్రెంచి సరుకు మీద ఇంగ్లిషు అక్షరాలేమిటంటారా? పెద్ద కొనుగోలుదార్లు ఇంగ్లిషువాళ్లే మరి. అంతెందుకు... 1715లో వ్యాపారం మొదలుపెట్టిన మార్టెల్‌ది జెర్సీ దీవి, 1765లో మొదలుపెట్టిన హెన్నెసీది ఐర్లండ్.

నది దాటి వెళ్తే గోదాములు. వాటిల్లో అతి పాత సరుకు ఉంచే గదిని 'పారడీ' అంటారు, స్వర్గమని అర్థం. దశాబ్దాలు గడిచాక చెక్క ఇవ్వాల్సిందంతా ఇచ్చేస్తుంది. అప్పుడు పీపాలోంచి తీసి పెద్ద గాజుబుడ్లలో పోస్తారు. ఇక వయసు పెరగదు. 19వ శతాబ్దం నాటివీ ఉన్నాయి. వాటిని లేతవాటితో ఎంత పాళ్లలో కలపాలో తేల్చేవాళ్లు కొద్దిమందే. హెన్నెసీలో ఆ పని ఎనిమిది తరాలుగా ఫియూ వంశానిదే. తాతలు దాచింది వాడుకుంటూ, తాము చూడని మనవల కోసం దాచడం... ఉద్యోగం అదే!

టెక్సాస్ రుణం

ఈ ఓపికకి ఒకసారి గట్టి పరీక్షే ఎదురైంది. 1870ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు ద్రాక్ష వేళ్లను తినేసింది. 1877లో 2.8 లక్షల హెక్టార్లున్న తోటలు 1893 నాటికి 40 వేల హెక్టార్లకు పడిపోయాయి. పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేళ్ల మీద ఫ్రెంచి తీగ అంటుకట్టాలనుకున్నారు. అయితే ఇక్కడిది సున్నపునేల. తెచ్చిన మొక్కలు పసుపెక్కి చచ్చిపోయాయి. 1887లో ప్యేర్ వియాలా అనే శాస్త్రవేత్త అమెరికా వెళ్లి వెతికితే, టెక్సాస్‌లోని డెనిసన్ పట్టణంలో మన్సన్ అనే ద్రాక్ష నిపుణుడు దారి చూపించాడు. అక్కడి సున్నపునేలల్లో పెరిగే అడవిద్రాక్ష వేళ్లే కొన్యాక్‌ను నిలబెట్టాయి. ఆ రెండు ఊళ్లూ ఇప్పుడు సోదర పట్టణాలు.

ఎవరికోసం ఈ పీపా?

ఇప్పుడు మరో పరీక్ష. పురుగు కాదు, బేరం. ఈ సరుకుకి పెద్ద మార్కెట్లు అమెరికా, చైనా. 2024 సెప్టెంబరులో రైతులు ట్రాక్టర్లతో కొన్యాక్ వీధుల్లోకి వచ్చారు. విద్యుత్తు కార్ల మీద ఐరోపాకీ చైనాకీ వచ్చిన తగాదాలో తమను బలిపెట్టొద్దని! 2025 జులైలో చైనా ఐరోపా బ్రాందీ మీద అదనపు సుంకాలు వేసింది. ముందే ఒప్పుకున్న కనీస ధరకు అమ్మే కంపెనీలకే మినహాయింపు. అమెరికా కూడా అదే ఏడాది సుంకం పెంచింది. కొనే కంపెనీలు కొనుగోళ్లు తగ్గించాయి. ఇప్పుడు కొంత తోట పీకేద్దామన్న మాట వినిపిస్తోంది.

బట్టీ చూపించిన పెద్దాయన ఆ సంగతే చెప్పారు, మనవరాలు ఇంగ్లిషులోకి మార్చి చెబుతుంటే. డెబ్భై దాటిన మనిషి. గోదాము మూలకి తీసుకెళ్లి రెండు పీపాలు చూపించారు. ఒకటి ఆయన తండ్రి నింపింది. ఇంకా అమ్మలేదు. రెండోది ఈ ఏడాది నింపబోయేది, ఖాళీగా ఉంది.

'అమ్ముడవుతుందో లేదో తెలియనప్పుడు నింపడం దేనికి?' అన్నాను.

ఆయన ఆలోచించి ఏదో అన్నారు. ఆ అమ్మాయి వెంటనే చెప్పలేదు. తర్వాత నేల చూస్తూ చెప్పింది... మా నాన్నకూ తెలియదు, అయినా నాకోసం నింపాడు, అంటున్నారని.

గ్లాసు అడుగున చెంచాడు పోసిచ్చారు. అరచేతిలో పట్టుకుని వేడెక్కనిచ్చి, వాసన చూసి, పెదవులు తడుపుకోవాలట. ఆ చెంచాడుకే అరగంట పట్టింది.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పాను, ఒక్క చెంచాడని కూడా. చెట్టు వయసు, పీపా వయసు, పెద్దాయన మాట... అంతా విని, 'అంత ఓపికున్నవాళ్లు ఆ ఓపిక ఇంకో మంచిపనికి పెట్టొచ్చు కదా!' అంది. నా దగ్గర జవాబు లేదు. ఎన్నేళ్లు పండినా మందు మందే. ఆ సంగతి మా ఇంట్లో మావయ్య ఫొటోని అడిగితే చెబుతుంది.

కాసేపాగి అమ్మే అంది, 'మీ నానమ్మ పెట్టిన చింతకాయ జాడీ అడుగున ఇంకాస్త ఉంది. నల్లగా అయిపోయింది. వచ్చినప్పుడు తీసుకెళ్లు' అని.

నానమ్మ పోయి పదకొండేళ్లు. ఆ జాడీ నింపినప్పుడు, అది ఎవరు తింటారో ఆవిడకి మాత్రం తెలుసా?