మా ఊరి హోటళ్ళు

పిల్లలూ, హైదరాబాదుకు చుట్టాలెవరైనా వస్తే ముందు చార్మినారు చూపించమంటారు. ఆ తరవాత, "ఇక్కడ ఏ హోటల్లో బాగుంటుంది?" అని అడుగుతారు. అడగడంలో వింత లేదు. 2019లో యునెస్కోవారు వంటకాలకు పేరుపొందిన నగరాల జాబితాలో మా ఊరిని కూడా చేర్చారు.

నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. ముప్పై అయిదేళ్ళు పిల్లలకు చదువు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయినదీ ఇక్కడే. నాకు నచ్చిన చోట్లు కొన్ని ఉన్నాయి. అయితే రుచితోపాటు నేను మరొక సంగతి కూడా చూస్తాను. నా పక్క కుర్చీలో ఎవరు కూర్చోవచ్చు? ఎవరైనా కూర్చోవచ్చు అంటే, నా లెక్కలో అది మంచి హోటలు.

మొట్టమొదట చెప్పవలసినవి ఇరానీ హోటళ్ళు. ఇరాన్ దేశంనుంచి బొంబాయి మీదుగా వచ్చినవారు వీటిని పెట్టారు. చాలావరకు ఇవి రెండు వీధులు కలిసే మూలమీద ఉంటాయి. పాలరాతి పలకల బల్లలు, కర్ర కుర్చీలు, గల్లాపెట్టె ముందు యజమాని - ఇదీ పాత ఇరానీ హోటలు.

ఇక్కడి టీ చేసే పద్ధతి వేరు. ఒక పాత్రలో నీళ్ళు, టీ ఆకు వేసి, ఆవిరి పోకుండా మూత బిగించి, సన్నని సెగమీద ఉంచుతారు. వేరే పాత్రలో పాలు చిక్కబడేదాకా మరుగుతూంటాయి. మీరు అడిగినప్పుడే ఆ రెండూ కప్పులో కలుస్తాయి. పాలు ఎక్కువగా కావాలంటే "పౌనా" అని అడగాలి. అంతసేపు కాగిన డికాషను చేదుగా, నాలుకకు వగరుగా ఉండాలి కదా? టీ ఆకులో వగరునిచ్చే పదార్థాలు ఉన్నాయి. పాలలోని మాంసకృత్తులు వాటిని పట్టి ఉంచుతాయి. అందుకే చిక్కని పాలు పోస్తే వగరు తగ్గుతుంది. టీ సాసరులో పోసుకుని తాగేవారిని చూసి నవ్వకండి. సాసరు వెడల్పు గనక టీకి గాలి ఎక్కువగా తగిలి, త్వరగా చల్లారుతుంది.

టీతోపాటు ఉస్మానియా బిస్కత్తు తినాలి. కొంచెం తీపి, కొంచెం ఉప్పన. 1911 నుంచి 1948 దాకా పాలించిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరే దానికి వచ్చింది.

ఈ హోటళ్ళంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం. దానికి కారణం రుచి ఒక్కటే కాదు. మా నాన్న నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెనుంచి, 1949లో, పదహారేళ్ళ వయసున, లాలాగూడ రైల్వే కర్మాగారంలో పనికోసం వచ్చాడు. వాళ్ళ పల్లెలో ఒక టీ హోటలు ఉండేది. మా వాడవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. వారికోసం వేరే గ్లాసులు బయట చూరులో పెట్టి ఉండేవి. పైనుంచి టీ పోసేవారు. తాగిన తరవాత ఎవరి గ్లాసు వారే కడిగి చూరులో పెట్టాలి.

సికిందరాబాదు స్టేషను దగ్గర ఇరానీ హోటలుకు తోటి పనివాళ్ళు తీసుకుపోతే మా నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడట. ఎవరో వెనకనుంచి తోస్తే లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. నీ కులమేమిటని ఎవరూ అడగలేదు. టీ తాగి, అలవాటుకొద్దీ కప్పు కడగటానికి లేచాడు. పనికుర్రవాడు ఆ కప్పు లాక్కుపోయి, మిగతా కప్పులతో కలిపి కడిగి, అందులోనే పక్కాయనకు టీ తెచ్చి ఇచ్చాడు. "ఈ ఊళ్ళో నా అణాకు అందరి అణా విలువే ఉంది" అని మా నాన్న ముసలితనంలో కూడా చెప్పేవాడు.

అప్పటికి ఇంకా మన రాజ్యాంగం అమలులోకి రాలేదు. 1950 జనవరి 26న వచ్చింది. హోటళ్ళలోకి, దుకాణాల్లోకి పోవటానికి కులంగాని, మతంగాని, పుట్టినచోటుగాని అడ్డు కారాదని దాని 15వ అధికరణం చెబుతుంది. 1955లో అంటరానితనాన్ని నేరంగా శిక్షించే చట్టం కూడా వచ్చింది.

నాకు నచ్చిన రెండోచోటు మొజంజాహీ మార్కెటు. ఏడవ నిజాము రెండో కొడుకు పేర 1935లో కట్టిన రాతి భవనం అది. అక్కడి ఐస్‌క్రీము దుకాణాలు చాలా పాతవి. సీతాఫలాల కాలంలో సీతాఫలం ఐస్‌క్రీము తిని తీరాలి. చెక్కతొట్టిలో మంచుముక్కలు, ఉప్పు వేసి, నడుమ పాలడబ్బా పెట్టి తిప్పటం పాత పద్ధతి. ఉప్పు ఎందుకు? ఉప్పు కలిసిన మంచు సున్న డిగ్రీలకంటె తక్కువ వేడిమిలోనే కరుగుతుంది. కరగటానికి కావలసిన వేడిని పాలనుంచి లాక్కుంటుంది. దాంతో పాలు గడ్డకడతాయి. ఆరుబయట కుర్చీల్లో బేరాలు ముగించుకున్న వ్యాపారులూ, బడి వదలిన పిల్లలూ పక్కపక్కనే కూర్చుని తింటూంటారు.

మూడోది కోఠీలోని గోకుల్ చాట్. అక్కడ నిలబడే తినాలి. 2007 ఆగస్టు 25 సాయంకాలం అక్కడా, లుంబినీ పార్కులోనూ దుర్మార్గులు బాంబులు పేల్చారు. 40 మందికి పైగా చనిపోయారు. పక్కపక్కన నిలబడి తినేవారిని భయపెట్టి విడదీయాలని చూశారు. కాని దుకాణం మళ్ళీ తెరిచారు, జనం మళ్ళీ వచ్చారు. ఇప్పటికీ అక్కడ తెలియనివారి మోచెయ్యి మనకు తగులుతూనే ఉంటుంది. ఆ చనిపోయినవారిని తలుచుకోకుండా నేను అక్కడ ప్లేటు పట్టుకోలేను.

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు మధ్యాహ్న భోజనానికి పిల్లలను హాజరుపట్టీ వరసలో కూర్చోబెట్టేవాణ్ణి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో అక్షరక్రమమే చెప్పేది. మొదట్లో ఒకరిద్దరు తల్లిదండ్రులు వచ్చి, మా పిల్లవాడిని వేరే చోట కూర్చోబెట్టమని అడిగారు. మా నాన్న కప్పు కథ వారికి చెప్పాను. వారు ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. వరస మాత్రం మారలేదు.

స్థలాల ధరలు పెరిగి ఇరానీ హోటళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. కొత్తవి ఎన్నో వస్తున్నాయి. వాటిలోనూ రుచి ఉంటుంది. మీరు ఎక్కడికి వెళ్ళినా సరే, మీ బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉండి, ఎవరైనా చోటులేక నిలబడి ఉంటే, "రండి, కూర్చోండి" అనండి. వారి పేరూ ఊరూ తరవాత అడగవచ్చు.