జాన్ వేన్ లోయలో చిరిగిన పందిరి

షూటింగుల దగ్గర మన హీరోల కేరవాన్లు చూసి నోళ్లు వెళ్లబెడతాం కదా! అమెరికాలో మామూలు సంసారులు కూడా అలాంటి బండి అద్దెకు తీసుకుని, వంటిల్లు, పడకలతో సహా ఊళ్లు తిరుగుతారు. దాన్ని ‘ఆర్‌వీ’ అంటారు. బండి ఆపి మీట నొక్కితే గోడలో ఒక భాగం బీరువా సొరుగులా బయటికి జరిగి గది వెడల్పవుతుంది. అదే స్లైడవుట్. దాని నెత్తిన ఆకులూ, వాన నీళ్లూ నిలవకుండా ఓ గుడ్డ పందిరి. సొరుగు బయటికొస్తే గుడ్డ విచ్చుకుంటుంది. లోపలికెళ్తే స్ప్రింగు బలంతో గొట్టానికి చుట్టుకుంటుంది.

ఈ పందిరి గొడవ మనకెందుకంటారా? మాది చిరిగింది ఎక్కడో తెలుసా? మాన్యుమెంట్ వ్యాలీలో!

యూటా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దులో, నవాహో జాతివారి గడ్డ మీద ఉందీ లోయ. ఎర్రనేల మీద వెయ్యి అడుగుల దాకా నిటారుగా లేచిన రాతి దిమ్మెలు! 1939లో జాన్ ఫోర్డ్ ‘స్టేజ్‌కోచ్’లో కొంత భాగం ఇక్కడే తీశాడు. జాన్ వేన్‌ని పెద్ద స్టార్‌ని చేసిన సినిమా అది. 1994లో వచ్చిన ‘ఫారెస్ట్ గంప్’లో టామ్ హాంక్స్ పరిగెత్తి పరిగెత్తి ఇక చాలని ఆగిన రోడ్డు కూడా ఇక్కడిదే. 1971లో కృష్ణగారి ‘మోసగాళ్లకు మోసగాడు’ కోసం మనవాళ్లు రాజస్థాన్ ఇసుకల్లో వెతుక్కున్నది ఇలాంటి వాతావరణాన్నే!

అన్నయ్య, వదిన, నేను వెళ్లింది ఏప్రిల్‌లో. అక్కడ గాలుల సీజను. చీకటి పడుతుండగా మొదలైన గాలి తెల్లారేదాకా వదల్లేదు. పొద్దున్న చూద్దుము కదా, పందిరి గోడ దగ్గర సగానికి పైగా ఊడి, పీలికలై వేలాడుతోంది! సొరుగు లోపలికి లాగితే గుడ్డ సందులో ఇరుక్కుంటుంది. లాగకపోతే బండి కదలదు. సోమవారం అన్నయ్య ఫీనిక్సులో డ్యూటీకి హాజరు కావాలి. అద్దె కంపెనీవాళ్లు గాలి నష్టానికి ఇన్సూరెన్సు లేదన్నారు, మెకానిక్ రావడానికి మూడు రోజులన్నారు. మేము కట్టిన డిపాజిట్ వెయ్యి డాలర్లు!

అన్నయ్య నిచ్చెన వేసి గుడ్డ కొయ్యబోయాడు. పక్క బండి పెద్దాయన “ఆగవయ్యా!” అన్నట్టు ఒక్క కేక పెట్టాడు. గొట్టంలో స్ప్రింగు బిగిసి ఉంటుందట. గుడ్డ తెగిందంటే గొట్టం గిర్రున తిరిగి వేళ్లు విరగ్గొడుతుందట.

“డిపాజిట్ పోతే పోయింది, చెయ్యి పోతే ఎలాగండీ?” అంది వదిన. ముందు ఫొటోలు తీసి కంపెనీకి పంపింది. గుడ్డ కోయడానికి ఒప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెప్పించుకుంది. అప్పుడు పెద్దాయన గొట్టం తిరక్కుండా చివర ఇనప పిన్ను బిగించాడు. ఆ తర్వాతే గుడ్డ కోశారు. మిగిలిన పీలికను గొట్టానికి చుట్టి బెల్టుతో బిగించారు. నేను పైకి చూస్తూ సైగ చేస్తుంటే అన్నయ్య అంగుళం అంగుళం చొప్పున సొరుగు లోపలికి లాగాడు. మధ్యాహ్నానికి బండి కదిలింది!

కంపెనీవాళ్లు డిపాజిట్‌లో నాలుగు వందలు పట్టుకున్నారు. మిగతాది ఆ ఫొటోల పుణ్యమే.

మీరెప్పుడైనా అలాంటి బండెక్కితే, గాలి మొదలవగానే సొరుగు లోపలికి లాగేయండి. కాస్త ఇరుకైనా ఫరవాలేదు. కేరవాన్‌లో హీరోగారి పందిరి చిరిగితే ప్రొడక్షన్ మేనేజరు చూసుకుంటాడు. మనది మనమే చూసుకోవాలి మరి!