ప్రేమ ఎంతో చెప్పమన్న తండ్రులు

ముసలి రాజు ముగ్గురు కూతుళ్లను పిలిచి, నా మీద మీకెంత ప్రేమో చెప్పమంటాడు. పెద్దవాళ్లిద్దరూ ఆకాశానికెత్తేస్తారు. చిన్నది అలా పొగడలేక తండ్రికి దూరమవుతుంది. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ మొదట్లోనే వచ్చే ఈ ఘట్టాన్ని మనవాళ్లు 1949లోనే కె.వి.రెడ్డి ‘గుణసుందరి కథ’లో చూశారు.

నాటకంలో చిన్న కూతురు కార్డీలియా, చెప్పడానికి ఏమీ లేదంటుంది. రెట్టించి అడిగితే, పెళ్లయ్యాక తన ప్రేమలో సగం భర్తదేనంటుంది. పింగళి నాగేంద్రరావు రచనలో ఆ సగమే మొత్తం జవాబైంది. తండ్రి షష్టిపూర్తి నాడు గుణసుందరి, ఆడదానికి భర్తే ముఖ్యమంటుంది. ఉగ్రసేన మహారాజు మండిపడి, అవిటివాడిలా కనిపించే దైవాధీనం అనేవాడికి ఆమెను కట్టబెడతాడు. సత్యం చెప్పినందుకు కార్డీలియా ప్రాణమే పోయింది; గుణసుందరి సత్యాన్ని మన కథాధర్మం కాపాడింది. సినిమా సుఖాంతమైంది. తండ్రి చేసిన తప్పు మాత్రం అంత లోతుగా గుచ్చుకోదు.

రష్యన్ దర్శకుడు కోజింత్సెవ్ తన ‘కింగ్ లియర్’ (1971) సినిమాను లియర్ కోటవైపు నడిచివస్తున్న బీదజనంతో మొదలుపెట్టాడు. లోపల ఇంటి తగవు, బయట దాని ఫలితం అనుభవించాల్సిన ప్రజ.

ఇదే కథను మలచుకున్న జపాన్ దర్శకుడు కురొసావా ‘రాన్’ (1985)లో కూతుళ్లకు బదులు కొడుకులు. కలిసి ఉంటే విరగరని చూపడానికి తండ్రి హిదెతోరా మూడు బాణాలు కలిపి ఇస్తే, చిన్నవాడు సబురో వాటిని మోకాలికి వేసి విరిచేస్తాడు. తండ్రి వెళ్లగొడతాడు. అంతకు కాసేపటి ముందే, ఎండలో కునుకు తీస్తున్న ఆ తండ్రికి నీడ కోసం కొమ్మలు నరికి పాతింది ఆ సబురోనే. ప్రేమ చేతల్లో కనిపించాక మాటల పరీక్ష పెట్టడమే కురొసావా గొప్పతనం.

షేక్‌స్పియర్ పుట్టిన ఊరికి దగ్గరలోనే, బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. మా బాపు ఉండేది హైదరాబాద్ శాలిబండలో, గడియారం స్తంభం దగ్గరి గల్లీలో. ఈమధ్య ఇల్లు పంచే మాట ఎత్తాడు. “నువ్వు ఫోన్ల మంచిగ మాట్లాడ్తవ్ బిడ్డా. చెల్లె ఎప్పుడు కసురుతది” అన్నాడు. బీపీ గోళీ మింగేదాకా ఎదురుగా నిలబడేది, పచ్చడి గిన్నె పక్కకు జరిపేది, లాల్‌దర్వాజా బోనాల రద్దీలో చెయ్యి వదలకుండా నడిపించేది ఆ చెల్లెలే. సముద్రాల అవతల ఉన్నవాళ్లకు తీపి మాట సులువు. పక్కనుండి చాకిరీ చేసేవాళ్లకు అంత తీరికా ఉండదు, ఓపికా మిగలదు.

అందుకే ఇల్లు చెల్లె పేరనే రాయమని బాపుకు చెప్పాను. విదేశాల్లో ఉన్న పిల్లలం ఈ మాట పెద్దవాళ్లు అడగకముందే చెప్పాలి. లియర్‌కు ఆ ఘట్టంలో నిజం చెప్పినవాళ్లు ఉన్నారు. కానీ పొగడ్తతో లాభపడే పెద్ద కూతుళ్లలో ఒక్కరైనా తమ వాటా వద్దని ఉంటే ఆ విషాదం అక్కడే ఆగిపోయేది.